చుక్క వెంట పరుగు

ఏటీఎం గదిలోంచి బయటికి వస్తూ అమ్మ చీటీ నా చేతిలో పెట్టింది. "ముందు రెండంకెలు పడలేదేమో చూడరా నాయనా" అంది. చీటీ మీద 412 రూపాయలని ఉంది. పడకపోవడమేమీ లేదు. అమ్మ లెక్క ప్రకారం ఖాతాలో 28,412 రూపాయలు ఉండాలి. ఆ 28 ఎటు పోయిందో ఆ క్షణంలో నాకు తెలిసిపోయింది. ఆమెకు చెప్పడానికి మాత్రం నోరు పెగల్లేదు. "మిషన్‌లో సిరా అయిపోయినట్టుందమ్మా" అన్నాను. ఎనభై ఏళ్ల మనిషికి అబద్ధం చెప్పి ఇంటికి నడిపించుకొచ్చాను. ఆ రోజు భోగి. మా మనవరాలికి సాయంత్రం భోగిపళ్లు పోయాలని, రేగుపళ్లకు, చెరకుకు, చిల్లరకు రెండు వేలు తీసుకుందామని అమ్మ ముచ్చటపడి వచ్చింది.

దొంగ నా ఫోన్ తీసింది అంతకు రెండు రోజుల ముందు. 2025 జనవరి 11, రెండో శనివారం. అక్కను ఊరి బస్సు ఎక్కించడానికి ఎల్‌బీ నగర్ చౌరస్తాకు వెళ్లాను. సంక్రాంతి ముందు శనివారం సాయంత్రం అక్కడ ఎలా ఉంటుందో విజయవాడ దారిన వెళ్లేవాళ్లందరికీ తెలుసు. బస్సు ఆగీ ఆగకముందే జనం మీద పడతారు. ఫోన్ చొక్కా జేబులో ఉంది. రెండు చేతులతో అక్క సంచులు పైకి అందిస్తున్నాను. నా వెనక ఎవరో గట్టిగా ఒత్తుకున్నారు, ఆ తోపులాటలో అది వింతగా అనిపించలేదు. బస్సు కదిలాక అక్కకు చెయ్యి ఊపుతూ రెండో చేత్తో జేబు తడుముకున్నాను. జేబు ఖాళీ.

ఫోన్ పోవడాన్ని నా తెలివితక్కువతనం కింద జమ వేసుకోను. ఆ రద్దీలో ఎవరిదైనా పోతుంది. నేను ఒప్పుకోవలసింది ఆ తర్వాతి నాలుగు గంటల్లో చేసినది, అంతకుముందు నాలుగేళ్లుగా చేస్తూ వచ్చినది.

నా ఫోన్‌కు తాళం లేదు. నంబరు లేదు, గీత లేదు, వేలిముద్ర లేదు. అమ్మ రోజూ మధ్యాహ్నం ఆ ఫోన్‌లోనే ప్రవచనాలు వింటుంది. తాళం పెడితే ఆమెకు తెరవడం రావడం లేదని తీసేశాను. వేలిముద్రల్లో ఆమె వేలు కూడా చేర్చవచ్చని తెలియక కాదు, ఆ రెండు నిమిషాలు కూర్చోలేదు. నాన్న పోయాక అమ్మకు వచ్చే పింఛను ఖాతాను నా నంబరుకే కలిపి పెట్టాను. నా యూపీఐ యాప్‌లోనే ఆమె ఖాతా కూడా ఉండేది. ఆ యాప్‌కు విడిగా తాళం వేసుకునే వీలున్నా వేయలేదు. ఆమె కార్డు ఫొటో గ్యాలరీలో ఉంది. కాంటాక్టుల్లో 'అమ్మ ఏటీఎం' అనే పేరు కింద నాలుగంకెలు. ఇవన్నీ ఒకదాని పక్కన ఒకటి రాస్తుంటే చెయ్యి ఆగిపోతోంది. ఇంటి తాళం, బీరువా తాళం, నగల పెట్టె తాళం ఒకే గుత్తికి గుచ్చి గుమ్మం బయట మేకుకు తగిలించాను. అందులో అమ్మ పెట్టె తాళం కూడా ఉందని మరిచిపోయాను.

మా తమ్ముడి కొడుకు నాతోనే ఉంటాడు, ఇంజనీరింగ్ చదువుతున్నాడు. ఇంటికి ఉరికి వాడికి చెప్పాను. ల్యాప్‌టాప్‌లో నా గూగుల్ ఖాతా తెరిచే ఉంది. వాడు ఫైండ్ మై డివైస్ తెరిచాడు, ఇప్పుడు దాన్నే ఫైండ్ హబ్ అంటున్నారు. పటం మీద చంపాపేట వైపు ఆకుపచ్చని చుక్క కనిపించింది. నా ఫోన్! ఆ చుక్కను చూడగానే పోయిన ప్రాణం లేచొచ్చినట్టయింది.

"పెదనాన్నా, ముందు లాక్ చేసేద్దాం" అన్నాడు వాడు. ఫోన్‌కు తాళం లేకపోయినా దూరం నుంచే కొత్త తాళం వేసేయవచ్చు. ఫోన్ ఎక్కడుందో ఆ తర్వాత కూడా కనిపిస్తూనే ఉంటుంది. వాడి వేలు ఆ మీట మీదే ఉంది. నేను చెయ్యి పట్టుకుని ఆపాను. "తాళం పడితే వాడికి అనుమానం వస్తుందిరా. స్విచాఫ్ చేస్తాడు. చుక్క పోతుంది" అన్నాను.

"అయితే సిమ్మన్నా బ్లాక్ చేయిద్దాం" అన్నాడు. దానికీ ఒప్పుకోలేదు. సిమ్ ఆగితే ఫోన్‌కు నెట్ ఉండదు, నెట్ లేకపోతే చుక్క కదలదు. ఆ మాట వరకు నేను అన్నది తప్పు కాదు. కానీ ఆ చుక్కను బతికించిన సిమ్మే ఓటీపీలు కూడా అందుకుంటుందన్న ఆలోచన రాలేదు. నా సొంత ఖాతాను మాత్రం వాడి ఫోన్ నుంచి బ్యాంకుకు ఫోన్ చేసి ఆపించాను. నా డబ్బు నాకు గుర్తొచ్చింది. అమ్మ ఖాతా కూడా ఆ నంబరుకే ఉందని ఆ రాత్రి ఒక్కసారి కూడా తట్టలేదు. ఎన్నిసార్లు తలుచుకున్నా ఈ ఒక్క చోట నాకు సమాధానం దొరకదు.

పిల్లవాడి బండి మీద వెనక కూర్చుని, వాడి ఫోన్‌లో చుక్కను చూస్తూ చంపాపేట సందుల్లోకి వెళ్లాం. చుక్క ఒక చోట ఆగింది. చుట్టూ లేత రంగు వలయం ఉంది. ఆ వలయాన్ని నేను పట్టించుకోలేదు. ఫోన్ తన జాగాను ఉపగ్రహాల నుంచి, దగ్గరి వైఫైల నుంచి, సెల్ టవర్ల నుంచి లెక్క కట్టుకుంటుంది. ఇళ్ల మధ్య, గోడల లోపల ఆ లెక్క తప్పుతుంది. వలయంలో ఎక్కడైనా ఉండవచ్చని దానికి అర్థం. ఆ వలయంలో ఇరవై ఇళ్లు ఉండి ఉంటాయి, అందులో మూడంతస్తులవీ ఉన్నాయి. నేను నడిమి చుక్కనే చూశాను. చుక్క కింద ఉన్న ఇంటి తలుపు కొట్టాను.

పెద్దావిడ తలుపు తీసింది. వెనక పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ల కుర్రాడు చేతిలో ఫోన్‌తో నిలబడ్డాడు. నా కళ్లు ఆ ఫోన్ మీద పడ్డాయి. రంగు అదే. "ఆ ఫోన్ ఎక్కడిది నీకు?" అని అరిచాను. ఆ అబ్బాయి ముఖం పాలిపోయింది. పక్కింటివాళ్లు బయటికి వచ్చారు. ఆవిడ ఏమీ అనకుండా లోపలికి వెళ్లి స్టీలు గ్లాసుతో మంచినీళ్లు తెచ్చి, "ముందు తాగండి అన్నా, మాట్లాడదాం" అంది. అబ్బాయి ఫోన్ తెరిచి తన ఫొటోలు చూపించాడు. కాలేజీ, స్నేహితులు, ఒక కుక్కపిల్ల. చెయ్యి వణుకుతోంది వాడికి. "సారీ" అన్నాను. అంతే అన్నాను. నీళ్లు సగం తాగిన గ్లాసు మెట్టు మీద పెట్టి వచ్చేశాను. దొంగ నిజంగానే ఆ గుమ్మంలో ఉంటే నాకూ పిల్లవాడికీ ఏం జరిగేదో కూడా ఆలోచించలేదు. చుక్క ఎక్కడుందో పోలీసులకు చెప్పి వాళ్లతో వెళ్లాల్సిన పని అది.

పది గంటలకు చుక్క ఆరిపోయింది. అప్పుడు సిమ్ ఆపించాను.

తర్వాత బ్యాంకు ఇచ్చిన కాగితంలో రెండు లావాదేవీలు కనిపించాయి. 7 గంటల 52 నిమిషాలకు 19,000. 8 గంటల 10 నిమిషాలకు 9,000. అమ్మ కార్డు వివరాలు, నా నంబరుకు వచ్చే ఓటీపీ ఇచ్చి యూపీఐ పిన్ మార్చుకుంటే సరిపోతుంది, దొంగకు కావలసినవన్నీ ఆ ఒక్క ఫోన్‌లోనే ఉన్నాయి. ఎనిమిదీ పదికి నేను ఆ గుమ్మంలో నిలబడి వేరే వాళ్ల బిడ్డ మీద అరుస్తున్నాను.

ఆదివారం డూప్లికేట్ సిమ్ తీసుకున్నాను. కొత్తగా ఇచ్చిన సిమ్‌కు మొదటి 24 గంటలు ఎస్ఎంఎస్‌లు రావు. సిమ్ కాజేసి ఓటీపీలు లాగే మోసగాళ్లను ఆపడానికి పెట్టిన నియమం అది, మంచిదే. బ్యాంకు నుంచి ఏ కబురూ రాకపోతే ఏ నష్టమూ జరగలేదని నాకు నేనే చెప్పుకున్నాను. ఆ ధీమాతోనే సోమవారం పొద్దున అమ్మను ఏటీఎంకు తీసుకెళ్లాను.

ఇంటికొచ్చి 1930కి ఫోన్ చేశాను. డబ్బు మోసాలకు దేశమంతటికీ ఉన్న నంబరు అది. అవతలి అమ్మాయి లావాదేవీ నంబర్లు, సమయాలు ఓపికగా రాసుకుంది. డబ్బు చేతులు మారకముందే చెబితే ఆ ఖాతాను ఆపగలుగుతారు. నేను చెప్పేసరికి ముప్ఫై ఆరు గంటలు దాటాయి. డబ్బు రెండు ఖాతాలు దాటి, నగదుగా బయటికి పోయింది. మన నిర్లక్ష్యం వల్ల పోయినదైతే, బ్యాంకుకు చెప్పేదాకా జరిగిన నష్టం ఖాతాదారుదే అంది అప్పుడు అమల్లో ఉన్న 2017 నాటి రిజర్వ్ బ్యాంకు నిబంధన. కార్డు ఫొటో, పిన్ ఒకే చోట పెట్టుకున్నవాణ్ని, బ్యాంకు మేనేజరు ముందు వాదించడానికి నా దగ్గర మాటలేవీ లేవు.

మధ్యాహ్నం అమ్మకు నిజం చెప్పాను. సిరా అయిపోలేదని కూడా చెప్పాను. చాలాసేపు పైటచెంగు మడతలు పెట్టుకుంటూ కూర్చుంది. "నేను ప్రవచనాలు వినకపోయినా అయ్యేది" అంది. డబ్బు పోయినందుకు తిడుతుందని సిద్ధపడి వెళ్లాను. తప్పు తన మీద వేసుకుంటుందని అనుకోలేదు.

పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదుకు ఐఎంఈఐ నంబరు కావాలన్నారు. ఫోన్‌కు పుట్టుకతో వచ్చే 15 అంకెలు, రెండు సిమ్‌ల ఫోన్‌కు రెండు నంబర్లు. చేతిలో ఫోన్ ఉన్నప్పుడు *#06# కొడితే కనిపిస్తాయి. డబ్బా మీద కూడా ఉంటాయి, నేను డబ్బా పాత కాగితాలవాడికి వేసేశాను. ఫైండ్ మై డివైస్‌లో ఫోన్ పేరు పక్కన ఉన్న 'ఐ' గుర్తు నొక్కి పిల్లవాడే వాటిని బయటికి తీశాడు. కానిస్టేబుల్ వాటిని సీఈఐఆర్‌లో ఎక్కించాడు. సంచార్ సాథీ పేరుతో 2023 మే నుంచి దేశమంతటా ఉన్న వ్యవస్థ ఇది, తెలంగాణ పోలీసులు దానికి నెల ముందే, ఏప్రిల్‌లోనే వాడడం మొదలుపెట్టారు. ఫిర్యాదు ప్రతి, గుర్తింపు కార్డు, కొత్త సిమ్‌కు వచ్చే ఓటీపీ ఉంటే మనమే ఇంట్లోంచి చేసుకోవచ్చు. ఆ 15 అంకెలు ఒకసారి ఎక్కాక ఏ కంపెనీ సిమ్ వేసినా ఆ ఫోన్ పనిచేయదు. ఎవరైనా సిమ్ వేయగానే ఆ సంగతి పోలీసులకు తెలుస్తుంది. నేను బండి మీద వెతికినది ఇది కూర్చున్న చోటే వెతుకుతుంది.

నెల తర్వాత రాత్రి ఒక మెసేజ్ వచ్చింది. "మీ పోయిన ఫోన్ దొరికింది, ఇక్కడ నొక్కి చూడండి" అని లింకు. వేలు ముందుకు పోయింది. పక్కనున్న పిల్లవాడు "పెదనాన్నా!" అని గట్టిగా అరిచాడు. ఫోన్ పోగొట్టుకున్నవాడి ఆశ మీద వల వేసి పాస్‌వర్డ్ లాగే ఎత్తుగడ అది. అంత జరిగాక కూడా నా వేలు ముందుకు పోయిందన్న మాట ఇక్కడ రాయకుండా ఉండలేను.

నిజమైన కబురు మార్చి చివర్లో స్టేషన్ నుంచి వచ్చింది. ఫోన్ ఇంకో జిల్లాలో దొరికింది. బిల్లు లేకుండా నాలుగు వేలకు కొనుక్కున్న ఒక తాపీమేస్త్రి దగ్గర. అతనూ మోసపోయాడు. పాత ఫోన్ కొనేముందు ఇంగ్లీషులో కేవైఎం అని కొట్టి, ఖాళీ వదిలి, 15 అంకెలు రాసి 14422కు మెసేజ్ పంపితే అది దొంగ సొత్తో కాదో తెలిసేది. చెప్పినవాళ్లెవరు అతనికి? ఫోన్ వెనక పసుపు రంగు పూల స్టిక్కర్ అంటించి ఉంది, అంచులు సరిగ్గా రాకుండా, చిన్న పిల్లలు అంటించినట్టు. దాన్ని పీకడానికి మనసొప్పలేదు.

ఇప్పుడు ఆ ఫోన్‌కు తాళం ఉంది, అందులో అమ్మ కుడిచేతి చూపుడువేలు కూడా ఉంది. అరిగిపోయిన వేలు, మూడుసార్లు పెడితే ఒకసారి పలుకుతుంది. ఆమె విసుక్కోదు. సిమ్‌కు విడిగా పిన్ పెట్టాను, వేరే ఫోన్‌లో వేస్తే అది అడుగుతుంది. చేతిలోంచి లాక్కుని పరిగెత్తితే తనంతట తానే మూసుకునే ఏర్పాటు సెట్టింగుల్లో ఉంటే అదీ వేశాను. కార్డు ఫొటోలు తీసేశాను. అమ్మకు చిన్న ఫోన్ కొని, ఆమె ఖాతాను ఆమె సొంత నంబరుకు మార్పించాను. 28,000 ఆమె ఖాతాలో వేశాను.

ఇవన్నీ అయ్యాక ఒక ఆదివారం చంపాపేట వెళ్లాను. సందు గుర్తుపట్టడానికి కాసేపు పట్టింది. ఆ పెద్దావిడే తలుపు తీసింది, నన్ను గుర్తుపట్టింది. ఫోన్ ఎక్కడ దొరికిందో చెప్పాను. ఆ రోజు సరిగ్గా అడగని క్షమాపణ అడిగాను. అబ్బాయిని పిలిచింది. వచ్చి తలుపు పక్కన నిలబడ్డాడు, నా ముఖం చూడలేదు.

"మా ఇల్లే ఎందుకు చూపించింది అంకుల్?" అన్నాడు.

జేబులోంచి బిల్లు కాగితం తీసి, వెనక వైపు చుక్క పెట్టి, దాని చుట్టూ వలయం గీశాను. వలయం నిండా చిన్న చిన్న గళ్లు వేశాను. ఇవన్నీ ఇళ్లు, మీది ఒకటి, నడుమ ఉన్నంత మాత్రాన ఫోన్ ఇక్కడే ఉందని కాదు, నాకు తెలియలేదు బాబూ అన్నాను.

కాగితం తీసుకుని చూశాడు.

"మీరు వెళ్లాక మా నాన్న నా గదంతా వెతికాడు అంకుల్" అన్నాడు.