దేశానికి వేళ చెప్పేవారికి ఒక బహిరంగ లేఖ

న్యూఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లేబొరేటరీలో కాలాన్ని కాపాడే అధికారులకు.

విషయం: ‘ఐదు నిమిషాలు’ అనే కొలతకు ప్రమాణం నిర్ణయించడం గురించి.

సెకనుకు ఏ లోటూ లేదు. సీజియం-133 పరమాణువు నుంచి వచ్చే వికిరణం 9,192,631,770 సార్లు కంపిస్తే ఒక సెకను అని 1967లోనే ప్రపంచ దేశాలు తీర్మానించుకున్నాయి. ఆ లెక్కన నడిచే గడియారాలతో దేశమంతటికీ వేళ చెప్పే బాధ్యత లేబొరేటరీ వారిది. ఆ వేళకు ఆధారమైన 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీర్జాపూర్ పక్కనుంచి దక్షిణానికి వచ్చి, కాకినాడ జిల్లాలో తుని దరిదాపుల్లో సముద్రంలో దిగుతుంది. అంత ముఖ్యమైన గీత తెలుగువాళ్ల గుమ్మం ముందునుంచే పోతున్నా, చుట్టుపక్కల ఇళ్ల మీద దాని ప్రభావం పడిన దాఖలాలు లేవు.

తలకు నూనె పెట్టుకుంటూ, ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించి, “దారిలోనే ఉన్నా, ఐదు నిమిషాల్లో వచ్చేస్తా” అనే మనిషి అబద్ధమాడుతున్నట్టు కాదు. అవతలివాడికి కోపం రాకుండా చూస్తున్నాడు, అంతే. సంక్రాంతి ముందు టైలరు చెప్పే ‘రేపు’ కూడా ఈ కోవలోదే. గుండీలు కుట్టడమే మిగిలిందని ఆయన అన్నాడంటే బట్ట ఇంకా కత్తెర చూడలేదని అనుభవజ్ఞులు గ్రహిస్తారు.

తెలుగువాళ్లకు కాలం కొలవడం రాదనుకుంటే మాత్రం పొరపాటు. రోజును 60 ఘడియలుగా, ఘడియను 60 విఘడియలుగా చీల్చుకున్న జాతి ఇది. విఘడియ అంటే 24 సెకన్లే. ముహూర్తం రాత్రి 2 గంటల 17 నిమిషాలకైతే, సాయంత్రం నుంచీ తెమలని అలంకరణ కూడా ఆ వేళకు తెములుతుంది, జీలకర్ర-బెల్లం ఆ నిమిషానికే తలకెక్కుతుంది. శుక్రవారం 9 గంటలకు బయల్దేరాల్సిన కుటుంబం తాళంచెవి వెతుకుతూ ఎంతసేపు గడిపినా, పదిన్నరకు రాహుకాలం వస్తుందనగానే 10.29కి వీధిలో ఉంటుంది. రైలుకైతే గంట ముందే ప్లాట్‌ఫారం మీద ఊరగాయ డబ్బాలతో సహా ప్రత్యక్షం. ఆఫీసుకు రోజూ ఆలస్యంగా వెళ్లే కుర్రాడు అభిమాన హీరో బెనిఫిట్ షోకి తెల్లవారకముందే గేటు దగ్గర నిలబడతాడు.

అంటే లోపం గడియారంలో లేదు. గ్రహాలు ఆగవు, రైలు ఆగదు, సినిమా ఆగదు, ఆగేది మనుషులే. అందులోనూ ఎంత దగ్గరివాళ్లైతే అంత ఎక్కువసేపు ఆగుతారన్న ధీమా ఉంది. అందుకే పై అధికారికి పది నిమిషాలు, స్నేహితుడికి అరగంట, కట్టుకున్నవాళ్లకు పూట చొప్పున ఆలస్యం కేటాయింపు జరుగుతుంది. ఇందులో వింతేమీ లేదు. భారత ప్రామాణిక కాలం 1906లో వచ్చినా బొంబాయి నగరం తన సొంత వేళను 1955 దాకా వదల్లేదు. ఇంటింటికీ ఒక వేళ ఉండటం ఆ సంప్రదాయానికి కొనసాగింపే.

కాబట్టి ‘ఐదు నిమిషాల’ను నిజంగా ఐదు నిమిషాలు చెయ్యమని ఎవరూ కోరడం లేదు, అది పరమాణువుల వల్ల అయ్యే పని కాదు. భారత కాలం ప్రపంచ కాలానికి 5 గంటల 30 నిమిషాలు ముందున్నట్టే, శుభలేఖ మీద అచ్చయిన రిసెప్షన్ వేళకూ వధూవరులు వేదికెక్కే వేళకూ మధ్య తేడా ఎంతో లేబొరేటరీ వారు ఖరారు చేస్తే చాలు. గంటన్నర అని తేల్చినా అభ్యంతరం ఉండదు. ఒక్క జాగ్రత్త అవసరం. ఆ తేడాను పత్రికల్లో ప్రకటిస్తే, అతిథులు దానికి మరో గంట కలుపుకుని వస్తారు. అది తెలిసిన పెళ్లివారు ఇంకో గంట ఆగుతారు. వంటవాళ్లు రెండోసారి పొయ్యి వెలిగించాల్సి వస్తుంది. అందుచేత నిర్ణయించిన అంకెను సీలు వేసిన కవరులో క్యాటరింగ్ వారికి మాత్రమే పంపవలసిందిగా మనవి.