పీఎల్‌సీ డ్రాయింగ్ గీసేవాళ్లు వినకూడని సలహాలు

బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి షెడ్లలో ప్యానెల్ పని నేర్చుకునే కుర్రాళ్లకు సలహాలకు కొదవుండదు. వాటిలో కొన్నింటిని ఎంత అనుభవమున్నవాళ్లు చెప్పినా పక్కన పెట్టాల్సిందే. అవి ప్యానెల్ కట్టేవాడి సౌకర్యం ఒక్కటే చూస్తాయి. డ్రాయింగ్‌తో అసలు పని పడేది మరొకరికి. లైను ఆగిపోయిన రాత్రి ప్యానెల్ తలుపు తెరిచే మెయింటెనెన్స్ ఎలక్ట్రీషియన్‌కి.

1. “లాజిక్ అంతా ప్రోగ్రామ్‌లోనే ఉంది, ఇక డ్రాయింగ్ ఎందుకు?”

రిలే ప్యానెళ్లకు బదులు ఇంకేదైనా కావాలని 1968లో జనరల్ మోటార్స్ హైడ్రామాటిక్ విభాగం అడిగింది. మోడల్ మారినప్పుడల్లా వైరింగ్ విప్పి కట్టే బాధ తప్పాలన్నది వాళ్ల కోరిక. 1969లో మోడికాన్ 084 అనే పీఎల్‌సీ (ప్రోగ్రామబుల్ లాజిక్ కంట్రోలర్) వచ్చింది. అంతకుముందు వైరు పట్టుకుని రిలే నుంచి రిలేకి వెళ్తే మెషీన్ ఎందుకు ఆగిందో తేలేది. ఇప్పుడు వైర్లన్నీ పీఎల్‌సీ కార్డు దగ్గరే ఆగిపోతాయి, చూడ్డానికి అన్నీ ఒకేలా ఉంటాయి. ప్రోగ్రామ్‌కి కార్డు టెర్మినల్ దాకానే తెలుసు. అక్కణ్ణుంచి మెషీన్ మీది లిమిట్ స్విచ్ దాకా దారి చెప్పేది డ్రాయింగే. అందుకే రిలేల కాలం కన్నా ఇప్పుడే దాని అవసరం ఎక్కువ.

2. “పీఎల్‌సీని ఒక డబ్బాలా గీసి ‘16 ఇన్‌పుట్లు’ అని రాసెయ్.”

ఒక్కో పాయింటుకూ ఒక గీత ఉండాలి. దాని మీద అడ్రస్, ఫెర్రూల్ నంబరు, టెర్మినల్ నంబరు, పరికరం ట్యాగ్, అది చేసే పని రాయాలి. ‘ఐ 0.3, క్లాంప్ సిలిండర్ వెనక్కి వచ్చింది’ అని కనిపిస్తే, కార్డు మీద ఆ పాయింటు లైటు వెలగనప్పుడు ఎక్కడికి వెళ్లాలో ఎవరినీ అడగక్కర్లేదు. రిలే కాయిల్ కింద దాని కాంటాక్టులు ఏ షీటులో, ఏ కాలమ్‌లో ఉన్నాయో కూడా వేయండి. ఖాళీ పాయింట్లను ఖాళీ అనే రాయండి.

3. “అంతా 24 వోల్టులే, సెన్సర్ ఏదైతేనేం?”

పీఎన్‌పీ సెన్సర్ పనిచేసినప్పుడు ఇన్‌పుట్‌కి ప్లస్ 24 ఇస్తుంది. దానికి కార్డు కామన్ 0 వోల్టుకు కలిపి ఉండాలి. ఎన్‌పీఎన్ సెన్సర్ ఇన్‌పుట్‌ను 0 వోల్టుకు లాగుతుంది. దానికి కామన్ ప్లస్‌కు ఉండాలి. ఒక గ్రూపు ఇన్‌పుట్లకు కామన్ ఒకటే అయినప్పుడు ఈ రెండు రకాలూ అందులో కుదరవు. కలిపారంటే సెన్సర్ మీద లైటు వెలుగుతుంది, కార్డు మీద వెలగదు. పాపం, కార్డు పోయిందనుకుని కొత్తది తెప్పిస్తారు. సెన్సర్ రకం, కామన్ ఎక్కడికి వెళ్లిందీ రెండూ గీతలో కనబడాలి. 4–20 మిల్లీయాంపుల ట్రాన్స్‌మిటర్ రెండు వైర్లదా, నాలుగు వైర్లదా అన్నదీ అంతే ముఖ్యం. లూప్‌కి సప్లై ఎవరిస్తున్నారన్నది దాన్నిబట్టే మారుతుంది.

4. “ఎమర్జెన్సీ స్టాప్‌ని ఒక ఇన్‌పుట్‌కి ఇచ్చెయ్, మిగతాది ప్రోగ్రామ్‌లో చూసుకుందాం.”

దయచేసి ఈ మాట ఎవరు చెప్పినా వినకండి. ఇది మనిషి చేతికీ ప్రాణానికీ సంబంధించినది. మామూలు పీఎల్‌సీలో ఔట్‌పుట్ రిలే కాంటాక్టు అతుక్కుపోవచ్చు, ట్రాన్సిస్టర్ షార్ట్ కావచ్చు, ప్రోగ్రామ్‌ను ఎవరైనా మార్చవచ్చు. అప్పుడు బటన్ నొక్కినా మోటారు ఆగదు. నార్మల్లీ ఓపెన్ కాంటాక్టు వాడితే ఇంకా ప్రమాదం. వైరు తెగినా బయటికి తెలియదు, ఆపత్కాలంలో నొక్కినప్పుడే తెలుస్తుంది.

ప్రమాదం ఎక్కువున్న మెషీన్‌కి ఇలా గీయండి. బటన్‌లోని రెండు నార్మల్లీ క్లోజ్డ్ కాంటాక్టులు సేఫ్టీ రిలేకి రెండు చానెళ్లుగా వెళ్లాలి. ఆ రిలే, సిరీస్‌లో ఉన్న రెండు కాంటాక్టర్ల కాయిళ్లకు సప్లై తీసేయాలి. ఆ కాంటాక్టర్ల నార్మల్లీ క్లోజ్డ్ కాంటాక్టులు రీసెట్ సర్క్యూట్‌లోకి రావాలి. అప్పుడు ఒకటి అతుక్కున్నా రెండోది ఆపుతుంది, తర్వాత రీసెట్ కాదు. పీఎల్‌సీకి సమాచారం కోసం ఒక ఇన్‌పుట్ ఇస్తే చాలు. ఈ మొత్తానికి ఒక షీటు ప్రత్యేకంగా కేటాయించండి.

5. “స్టోర్‌లో ఏ రంగు వైరు ఉంటే అది లాగెయ్.”

ఐఈసీ 60204-1 ప్రకారం ఏసీ కంట్రోల్‌కి ఎరుపు, డీసీ కంట్రోల్‌కి నీలం. మెయిన్ స్విచ్ ఆపినా కరెంటు ఉండే సర్క్యూట్లకు నారింజ. మెయిన్ ఆపేశాం కదా అని చెయ్యి పెట్టేవాణ్ణి హెచ్చరించేది ఆ నారింజ రంగే. రంగులు షీటులో రాయండి, ప్యానెల్‌లోనూ అవే వేయించండి.

6. “చిన్న మార్పేగా, గుర్తుంటుందిలే.”

సైట్‌లో ఒక్క వైరు మార్చినా అదే రోజు ఎర్ర పెన్నుతో షీటు మీద గుర్తు పెట్టండి. ఆఫీసుకు రాగానే ఫైల్ సరిచేసి, రివిజన్ నంబరూ తేదీ వేసి, ప్యానెల్‌లోని పాత కాపీ తీసేసి కొత్తది పెట్టండి. తప్పు డ్రాయింగ్ అసలు లేనిదానికన్నా చేటు. దాన్ని నమ్మినవాడు కరెంటు లేదనుకున్న చోటే చెయ్యి పెడతాడు.

డ్రాయింగ్ పంపే ముందు, ఆ ప్యానెల్ పనిలో లేని ఒకరి చేతికివ్వండి. ఒక సెన్సర్ పేరు చెప్పి, కార్డు దాకా దారి చూపించమనండి. అతను మిమ్మల్ని ఏదైనా అడగాల్సి వచ్చిందంటే, ఆ జవాబు షీటులో లేదన్నమాట. అది రాశాకే సంతకం పెట్టండి.