వంటింటి రంగు: సటీకా తాత్పర్యము

మూలము:
గోడ తెల్లనైన కోడలు మెచ్చును
అత్త మెచ్చు కావి యంచు గట్టు
మగడు చూచి చూచి మౌనము దాల్చును
పోపు గింజ చిట్లి పొరలి నవ్వు

ప్రతిపదార్థము: గోడ తెల్లనైన = వంటింటి గోడ తెల్లగా ఉన్నచో; కోడలు మెచ్చును = కోడలు సంతసించును; అత్త = ఆ కోడలి అత్త, అనగా మా అమ్మ; కావి యంచు గట్టు = కావి అంచు తీర్చిన పొయ్యిగట్టును; మెచ్చు = మెచ్చుకొనును; మగడు = ఈ టీకాకారుడే; చూచి చూచి = రంగుల పట్టీని మూడు వారాలు తిరగేసి; మౌనము దాల్చును = నోరు మూసుకొనును; పోపు గింజ = ఆవగింజ; చిట్లి = నూనెలో పేలి; పొరలి = గోడమీద జారి; నవ్వు = నవ్వును.

తాత్పర్యము: కెలవరపల్లి డ్యాం దగ్గర కట్టుకున్న ఫాంహౌసులో వంటింటికి రంగు కుదరలేదని భావము.

విశేషాలు: "తెల్లన" అన్నాడు గానీ ఏ తెలుపో కవి చెప్పలేదు. పట్టీలో పాల తెలుపు, ముత్యపు తెలుపు, దంతపు తెలుపు ఉన్నాయి. తెలుగు, తమిళం, కన్నడం మూడూ మాట్లాడే మా హోసూరు పెయింటరు మూడు భాషల్లోనూ ఒకటే అన్నాడు: "అన్నీ వైటే సార్." అంత తెలుపు కావాలంటే డ్యాం దాకా పోయి చూసి రమ్మంది అమ్మ. నంది కొండల్లో పుట్టిన దక్షిణ పినాకిని బెంగళూరు మురుగు మోసుకొచ్చి అక్కడ గేట్లెత్తితే నురగలు కక్కుతుంది.

కోడలు కోరింది అమెరికా పల్లెటూరి వంటిల్లు: తెల్లగోడ, తలుపుల్లేని చెక్క అరలు, లోతైన సింకు. "మా అమ్మగారింట్లో గూళ్లకు తలుపులెప్పుడున్నాయమ్మా?" అని అత్త. నిజమే, గోడకు సున్నమే, పచ్చబారకుండా అందులో చిటికెడు నీలి. చల్లార్చిన సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చి మళ్లీ రాయవుతుంది. మసి పట్టిందా, పండక్కి ఇంకో పూత, అంతే. కావి సంగతీ చెప్పాలి. దాని ఎరుపు ఇనుప తుప్పుది. అమెరికా రైతులు పశువుల కొట్టాలకు పూసిన ఎరుపూ అదే సరుకు. ఈ ముక్క ఇంట్లో చెప్పబోయి మూడో పాదం దగ్గరే ఆగిపోయాను.

పాఠాంతరము: మా ఇంట్లో పోపును "తిరగవాత" అంటారు. ఆటవెలది కాలు విరుగుతుందని కవి పోపుకే లొంగాడు.

నాలుగో పాదమే ఈ పద్యానికి ప్రాణం. రెండో కోటు ఆరిన మర్నాడు ముద్దలోకి పప్పు తిరగవాత పెట్టారు. ఒక ఆవగింజ పసుపు నూనెతో సహా ఎగిరి గోడకంటి, వేలి కణుపంత జారి ఆగింది. తడిగుడ్డతో తుడిస్తే అరచేయంత అయింది. అత్త ఏమీ అనలేదు. అదే ఎక్కువ బాధించింది.

నిర్ణయము: పొయ్యి వెనక మూడడుగుల ఎత్తున కృష్ణగిరి గ్రానైటు, గట్టుకు కావి అంచు, తక్కిన గోడ తెలుపు. ఎవరైనా సరే, గోడమీద రెండు జానల మేర పూయించి, పగటి వెలుతురులోనూ రాత్రి బల్బు కిందా చూశాకే డబ్బా కొనండి. మేము చూడకుండా కొన్న నాలుగు లీటర్ల దంతపు తెలుపు మూత తీయకుండా అటక మీదుంది. కావలసినవారు వచ్చి తీసుకుపోవచ్చు.