మైదా లేదు, చక్కెర లేదు, మొహమాటమూ లేదు

హైదరాబాదులో ఇప్పుడు తినుబండారాన్ని అందులో ఏముందో చెప్పి అమ్మడం పాతపద్ధతి. ఏం లేదో చెప్పి అమ్మాలి. మైదా లేదు, చక్కెర లేదు, గ్లూటెన్ లేదు, గుడ్డు లేదు, పాలు లేవు. ఇన్ని తీసేశాక ధర కూడా కాస్త తగ్గుతుందేమోనని ఆశపడ్డారో, మీరు ఈ ఊరివాళ్ళు కారన్నమాట. మామూలు కప్‌కేకుకు మూడింతలు చెబుతారు. ఒక్కో 'లేదు'కీ విడిగా ఖరీదు కట్టినట్టున్నారు.

మా అపార్ట్‌మెంట్లో ఒక వదినగారు వీటిని ఇంట్లోనే చేసి, వాట్సాప్ గ్రూపులో ఆర్డర్లు తీసుకుంటారు.

"అంతా బాదంపిండే. తీపికి ఖర్జూరం, బెల్లం, పైన కొంచెం తేనె. చక్కెర ఒక్క పలుకు కూడా తగలనివ్వను. మీ అన్నయ్యగారికి షుగరు కదా, ఆయన రోజూ మూడు తింటారు" అన్నారు.

"మామూలు కేకు ఎన్ని తినేవారు వదినా?"

"అదా? ఎవరి పుట్టినరోజుకో ఒక్క ముక్క. అదీ నేను చూడనప్పుడు."

ఏడాదికి నాలుగు ముక్కలు తినే మనిషిని రోజుకు మూడు మఫిన్లదాకా తీసుకొచ్చిన ఘనత ఆరోగ్యానిదే. ఇక ఆయన లోపలికి వెళ్తున్నదేమిటో చూద్దాం. వంద గ్రాముల చక్కెరలో సుమారు నాలుగు వందల కేలరీలుంటే, బెల్లంలో మూడు వందల ఎనభై దాకా ఉంటాయి. అనకాపల్లి మార్కెట్‌కి ఎంత పేరున్నా అక్కడికొచ్చేదీ చెరుకురసం కాచి పోసిన దిమ్మలే. బెల్లంలో ఇనుముందంటారు. ఉంది. ఆ ఇనుము కోసమే బెల్లం తినేవాళ్ళు తోటకూర మొహం ఎందుకు చూడరో నాకు అర్థం కాదు. ఖర్జూరంలో పీచుంది, అది మంచిదే. కానీ మెజూల్ రకం ఖర్జూరం బరువులో మూడింట రెండొంతులు చక్కెరే. తేనె పువ్వుల నుంచి వచ్చిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏమీ కనికరించలేదు. 2015లో ఇచ్చిన మార్గదర్శకాల్లో తేనెను, పాకాలను, పళ్ళరసాలను కూడా చక్కెర ఖాతాలోనే వేసింది. ఆ ఖాతా రోజు మొత్తం తిండి కేలరీల్లో పది శాతం దాటకూడదని, ఐదు శాతం లోపు, అంటే ఇరవై ఐదు గ్రాముల లోపు, ఉంటే ఇంకా మేలని చెప్పింది. అన్నయ్యగారి కోటా రెండో మఫిన్ సగంలో ఉండగానే పూర్తయ్యేలా ఉంది.

మైదా మీద నాకు ప్రేమేమీ లేదు. పైపొట్టు, మొలక తీసేసిన గోధుమలో మిగిలేది పిండిపదార్థం, కాస్త మాంసకృత్తు. ఆ కాస్త మాంసకృత్తే, అంటే గ్లూటెనే, సోడాతో పుట్టిన బుడగలను పట్టి ఉంచి కేకును పొంగిస్తుంది. దాన్ని తీసేస్తే ఆ పని ఇంకెవరో చెయ్యాలి. గుడ్లు చేస్తాయి, ఇసబ్గోల్ చేస్తుంది. రెండూ లేకుండా రాగిపిండిని నమ్ముకుంటే మఫిన్ ట్రేలోంచి పొడిగా రాలుతుంది, చెంచాతో తినాలి. బాదంపిండి ఈ చిక్కును కొంతవరకు తీరుస్తుంది. కాకపోతే బాదంలో సగం బరువు కొవ్వే. వంద గ్రాములకు దాదాపు ఐదు వందల ఎనభై కేలరీలు. మైదాకు మూడు వందల యాభై చిల్లర. మంచి కొవ్వేనంటారు, ఒప్పుకుంటాను. గుప్పెడు బాదంపప్పులు తిన్నప్పుడు అది మంచిదే. కప్పులకు కప్పులు పోసి తేనెతో కలిపినప్పుడు దాన్ని మిఠాయి అంటారు.

రాగి సంగతి ఇంకా సరదా. 1983లో ఎన్టీఆర్ కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చాక వరన్నం ప్రతి ఇంటికీ చేరింది. సంకటి, జొన్నరొట్టె తినడం లేనితనానికి గుర్తయింది. జహీరాబాద్ వైపు ఆడవాళ్ళు చిరుధాన్యాల విత్తనాలను కుండల్లో దాచి బతికిస్తుంటే పట్నం వాళ్ళు పట్టించుకోలేదు. మన దేశం అడిగితే ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. ఆ తర్వాత రాగి కాఫీషాపు అద్దాల అరలోకి వెళ్ళి కూర్చుంది. సంకటి తింటే పల్లెటూరు, రాగి మఫిన్ తింటే ఫిట్‌నెస్.

రాయలసీమలో గుంతపొంగనాల పెనం ఉంది. చూడ్డానికి మఫిన్ ట్రేకు చెల్లెలే. అందులో పోసేది నానబెట్టి రుబ్బిన బియ్యం, మినప్పప్పు. మైదా లేదు, చక్కెర లేదు, ఓవెనూ లేదు. అయినా 'ఫ్రీ' అని రాసే కాగితం కప్పు లేకపోవడంతో దానికా హోదా రాలేదు. అలాగని మన పూర్వీకులకు అన్నీ తెలుసనే పాట పాడను. బెల్లం పాకంలో పిండి కలిపి నూనెలో వేయించిన అరిసెలు కూడా వాళ్ళ ప్రతిభే.

ఇంత తిట్టాక చేసే పద్ధతి చెప్పకపోతే అన్యాయం. రెండు కప్పుల ఓట్స్, బాగా మగ్గిన అరటిపళ్ళు రెండు, గుడ్లు రెండు, కప్పు పెరుగు, ఒకటిన్నర చెంచా బేకింగ్ పౌడరు, అర చెంచా వంటసోడా మిక్సీలో తిప్పి, 180 డిగ్రీల దగ్గర ఇరవై నిమిషాలు పెడితే డజను మఫిన్లు వస్తాయి. అరటిపండు మగ్గేకొద్దీ అందులోని పిండి చక్కెరగా మారుతుంది కాబట్టి విడిగా తీపి అక్కర్లేదు. చక్కెరకేళి వాడి కూడా 'చక్కెర లేదు' అని బోర్డు పెట్టుకోవచ్చు. ఓట్స్‌ను విడిగా పొడిచేస్తే పిండి అంటారు; పళ్ళతో కలిపి తిప్పితే 'పిండి లేని మఫిన్' అంటారు. ఈ సూక్ష్మం కనిపెట్టినవాళ్ళు జీఎస్టీ శాఖలో ఉండాల్సింది. రుచి? వేడిమీద బాగుంటుంది. మర్నాటికి బిగుసుకుంటుంది, ఎందుకంటే చక్కెర తీపితోపాటు తేమను కూడా పట్టి ఉంచేది.

కొని తినేవాళ్ళకు ఒక్క మాట. ప్యాకెట్ ముందువైపు ఆకుపచ్చ అక్షరాలు వదిలేసి, వెనకవైపు చిన్న అక్షరాలు చదవండి. ఏది ఎక్కువ బరువుంటే దాని పేరు ముందు రాయాలన్నది మన దేశంలో నిబంధన. రాగి బిస్కెట్ అన్నచోట గోధుమపిండి మొదటి పేరైతే, అందులో రాగి చుట్టపుచూపుగా వచ్చిందని అర్థం. బెల్లం, ఖర్జూరం, తేనె మూడుచోట్ల విడివిడిగా కనిపిస్తే మూడూ కలిపి లెక్కెయ్యండి. విడగొట్టింది జాబితాలో కిందికి జరపడానికే. ఆ మొత్తం మొదటి స్థానంలోకి వస్తే మీ చేతిలో ఉన్నది కేకు. కేకే తినాలనుంటే మామూలుదే కొనుక్కోండి, మూడోవంతు ధరకు వస్తుంది, రెండోది అడగడానికి కాస్త భయం కూడా వేస్తుంది.