కీటకబ్రహ్మ

విశ్వామిత్రుడు త్రిశంకుడి కోసం కొత్త నక్షత్రాలు సృష్టించి, దేవతలు బతిమాలుకోగానే ఆపేశాడు. ఫాంటసీ నవల రాసే మన కుర్రాడు అలా ఆగే రకం కాదు. తన లోకాన్ని సృష్టిస్తూ సృష్టిస్తూ దోమల దాకా వచ్చాడు. ఇలాంటివాడు ప్రతి కాలనీలోనూ ఒకడుంటాడు.

"కథ ఎంతవరకొచ్చిందిరా?" అని అడిగి చూడండి. "కథదేముంది బాబాయ్, అదే వస్తుంది. ముందు ఈగల సంగతి తేలాలి" అంటాడు. 1758లో లిన్నేయస్ ప్రతి జంతువుకీ రెండు మాటల పేరు పెట్టి ఊరుకున్నాడు. వీడు ప్రతి పురుగుకీ మూడు పేర్లు పెడతాడు: రాజభాషలో ఒకటి, కొండజాతివాళ్లది ఒకటి, ఎవరూ మాట్లాడని భాషలో ఇంకొకటి. ఒత్తు లేని పురుగుకి వాడి లోకంలో పౌరసత్వం లేదు. 'ఘ్రాంఝుర్ఘక్షి' కుట్టినవాడు ఏం కుట్టిందో చెప్పేలోపే ప్రాణం పోతుంది. సాలీడుకి ఎనిమిది కాళ్లు కాబట్టి కీటకం కాదని దాన్ని మూడో అనుబంధంలోకి నెట్టాడు. అనుబంధాలున్నాయి, అసలు గ్రంథమే లేదు.

ఏమన్నా అంటే టోల్కీన్‌ని అడ్డం పెట్టుకుంటాడు. నిజమే, 1954 నాటి ఆయన ఫాంటసీ నవలలో 'నీకర్‌బ్రీకర్లు' అనే పురుగులు ఉన్నాయి. కానీ ఆ పేరు పెట్టింది శామ్ అనే తోటమాలి. రాత్రంతా చిత్తడినేలలో వాటి రొద భరించలేక, అవి అరిచిన అరుపునే పేరు చేశాడు. 1871లో లూయిస్ కారల్ పుట్టించిన రొట్టె రెక్కల సీతాకోకచిలుకకి మీగడ వేసిన పల్చటి టీయే ఆహారం, అది దొరక్కపోతే చావే. ఆ పేర్లకి కథలో పని ఉంది. మనవాడి పురుగులకి పేరుంది, పిలిచేవాడే ఇంకా పుట్టలేదు.

మొన్న తొలకరి పడ్డ రాత్రి ట్యూబులైటు కింద వాడి నోటుబుక్కు మీద రెక్కల పురుగులు జలజలా రాలాయి. "అమ్మా! ఇవేవో పురుగులే!" అని మంచమెక్కాడు. "ఉసిళ్లురా. చెదలకి రెక్కలొస్తే అవే" అంటూ ఆవిడ లైటార్పి, దీపం వెలిగించి పక్కన నీళ్ల బేసిన్ పెట్టింది. వాడు చీకట్లోనే పెన్ను వెతుక్కున్నాడు. చెదలకి పెళ్లి ఊరేగింపు ఉంటుందని వాడి లోకంలో రాయడం మరిచిపోయాడట!

మీ ఎరికలో ప్రచురణకర్తలెవరైనా ఉంటే చెప్పండి. నవల మాత్రం అడక్కండి. పురుగుల పట్టిక అకారాదిగా సిద్ధంగా ఉంది, రేపే డీటీపీకి ఇచ్చేయొచ్చు.