ఆ పన్నెండు మార్కులు

నేను ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్‌ని. ఏటా జవాబు పత్రాలు దిద్దే స్పాట్ వాల్యుయేషన్‌కు వెళ్తాను. తెలంగాణ ఇంటర్ ఫిజిక్స్ పేపరు 60 మార్కులకు ఉంటుంది: రెండు మార్కుల ప్రశ్నలు పది, నాలుగు మార్కులవి ఆరు, ఎనిమిది మార్కులవి రెండు. ఎనిమిది మార్కుల జవాబుకు నేను ఏడు వేస్తే, పక్క బల్ల దగ్గర కూర్చున్నాయన ఎనిమిది వేస్తాడు. పటంలో బాణం గుర్తు పెట్టలేదని ఒకరు మార్కు కోస్తారు, ఇంకొకరు పట్టించుకోరు. చీఫ్ ఎగ్జామినర్ కొన్ని పేపర్లు మళ్లీ చూసి ఒకటో రెండో అటూ ఇటూ చేస్తారు. ఇందులో ఎవరి తప్పూ లేదు. చేత్తో దిద్దే ఏ పరీక్షకైనా ఈపాటి తేడా తప్పదు. ఈ సంగతి బయటి తల్లిదండ్రులకు అంతగా తెలియకపోవచ్చు. నాకు బాగా తెలుసు. తెలిసి కూడా నా బిడ్డ విషయంలో ఎంత తెలివితక్కువగా నడుచుకున్నానో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

2018 ఏప్రిల్‌లో మా అమ్మాయికి ఎంపీసీ ఫస్టియర్‌లో 470కి 458 వచ్చాయి. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు కాలేజీ హాస్టల్లో ఉండి చదివింది. సెలవులకు ఇంటికొచ్చి బ్యాగు కింద పెట్టిందో లేదో, నేను అడిగిన మొదటి మాట, "యాడ పోయినయ్ బిడ్డా ఆ పన్నెండు?"

అది ఏమీ అనలేదు. లోపలికి పోయి మెమో ప్రింటు తెచ్చి నా చేతిలో పెట్టింది. ఇంగ్లిష్‌లో ఆరు, సంస్కృతంలో ఒకటి, మ్యాథ్స్ రెండు పేపర్లలో కలిపి రెండు, ఫిజిక్స్‌లో రెండు, కెమిస్ట్రీలో ఒకటి. ఒక్కో సబ్జెక్టు పక్కన పోయిన మార్కుల్ని అది ముందే పెన్సిల్‌తో సన్నగా రాసిపెట్టుకుంది. నేను అడుగుతానని దానికి తెలుసు. ఆ పెన్సిల్ అంకెలు చూసినప్పుడే నాకు సిగ్గనిపించాల్సింది. అనిపించలేదు. "ఇంప్రూవ్‌మెంట్ రాద్దాం, ఏం పోతది?" అన్నాను.

ఏం పోతుందో, ఏం వస్తుందో లెక్క వేయగలిగినవాణ్ని నేనే. అప్పట్లో మన ఎంసెట్‌లో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉండేది. అది కూడా గ్రూపు సబ్జెక్టులకే, రెండేళ్లవీ కలిపి 600 మార్కులకు. భాషలు లెక్కలోకి రావు. అంటే ఇంగ్లిష్, సంస్కృతాల్లో పోయిన ఏడు మార్కులు ర్యాంకుకు ఎందుకూ కొరగానివి. మిగిలినవి ఐదు. ఆ ఐదూ తిరిగొచ్చినా నూటికి కట్టే స్కోరులో ఐదో వంతు మార్కు పెరుగుతుంది. ఎంసెట్ 160 మార్కులకు, దాని వాటా 75 శాతం. కాబట్టి అక్కడ ఒక్క ప్రశ్న సరిగ్గా పెడితే దాదాపు అర మార్కు కలుస్తుంది. పదకొండు ఇంటర్ మార్కులూ ఒక ఎంసెట్ ప్రశ్నా దాదాపు సమానం. నేను కోరిన ఐదు మార్కులు సగం ప్రశ్న కూడా చేయవు. ఎన్ఐటీలకు ఇంటర్‌లో కావలసిన 75 శాతం సంగతి అయితే అసలు అడగనే అక్కర్లేదు.

ఈ లెక్క నేను అప్పుడు వేయలేదు. వేస్తే నా పట్టుదలకు ఆధారం ఉండదని లోపల ఎక్కడో తెలిసే ఉంటుంది.

ఇంప్రూవ్‌మెంట్ పరీక్షల కోసం ఆ మే నెలంతా అమ్మాయి అమ్మమ్మ ఊరికి పోలేదు. చిన్నత్త కొడుకు పెండ్లికి పోలేదు. మధ్యాహ్నం ఎండలో కూలర్ ముందు కూర్చుని, అప్పటికే వచ్చిన డెరివేషన్లనే మళ్లీ మళ్లీ రాసింది. ఒకరోజు రాస్తూ రాస్తూ తల ఎత్తకుండానే అడిగింది: "నువ్వు దిద్దేటోనివే గద డాడీ, రెండు మార్కులు ఎట్ల పోతయో నీకు తెల్వదా?" నేను జవాబు చెప్పలేదు. అడిగిందని కోపమొచ్చింది. చివరికి రెండు మార్కులు పెరిగాయి.

ఎందుకట్లా చేశానని చాలాసార్లు ఆలోచించాను. స్టాఫ్ రూమ్‌లో తోటి లెక్చరర్లు తమ పిల్లల మార్కులు చెప్పుకునేవాళ్లు. పెండ్లిళ్లలో, పేరంటాల్లో మొదటి పలకరింపు అదే. లెక్చరర్ బిడ్డకు తక్కువొస్తే నా చదువుకే తక్కువన్నట్టు ఉండేది. ఇది నిజమే కానీ అసలు కారణం ఇంకా లోపల ఉంది. మా అమ్మ బీడీలు చుట్టి నన్ను చదివించింది. మాకు భూమి లేదు, ఉద్యోగం పెట్టించే చుట్టం లేడు. ఎవరి కాళ్లూ పట్టుకోకుండా నాకు దొరికింది మార్కు ఒక్కటే. అదే నాకు కూడు పెట్టింది. ఒక్క మార్కు తక్కువైతే ఆ రోజుల్లోకే మళ్లీ పడిపోతానన్న భయం, జీతం వచ్చినా, ఇల్లు కట్టుకున్నా పోలేదు. ఆ భయాన్ని ఆకలి తెలియని నా బిడ్డ మీద మోపాను. దానికి ఆ కథ ఏదీ చెప్పలేదు. ఒట్టి భయాన్నే ఇచ్చాను. పిల్లలు మార్కుల కోసం ఎందుకు అంత తల్లడిల్లుతారని అడిగేవాళ్లకు నాకు తెలిసిన జవాబు ఇదే: చాలా ఇళ్లలో అది పెద్దవాళ్ల పాత భయం.

సెకండియర్‌లో హాస్టల్ నుంచి ప్రతి వారం టెస్టు ర్యాంకు మెసేజ్ వచ్చేది. ర్యాంకును బట్టి సెక్షన్ మార్చేవారు. ఆ మెసేజ్ నేను మా బావమరిదికి పంపేవాణ్ని, ర్యాంకు బాగున్న వారాల్లో మాత్రమే. ఒక టెస్టు ముందు రాత్రి అమ్మాయికి కడుపునొప్పి మొదలైంది. డాక్టరు చూసి ఏమీ లేదన్నాడు. వార్డెన్ ఫోన్ చేసి రెండ్రోజులు ఇంటికి తీసుకుపొమ్మంటే, టెస్టు రాసినంక వస్తానన్నాను. ఇప్పుడు తలచుకుంటే నా ఒళ్లు నాకే మండుతుంది. ఆ తర్వాత అది ఫోన్ చేస్తే వాళ్లమ్మతోనే మాట్లాడేది.

2019 ఏప్రిల్ 18న తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చాయి. ఆ తర్వాత ఏమైందో రాష్ట్రం మరిచిపోకూడదు. ఫలితాల తయారీలో తప్పులు బయటపడ్డాయి. ఒక అమ్మాయికి తెలుగులో సున్నా వేశారు, మళ్లీ చూస్తే 99 ఉన్నాయి. ఫెయిలైన మూడు లక్షల మందికి పైగా పిల్లల పేపర్లు ఉచితంగా మళ్లీ పరిశీలించమని ప్రభుత్వం చెప్పాల్సి వచ్చింది. వాళ్లలో వెయ్యి మందికి పైగా పాసైనట్టు తేలింది. ఈలోపే ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. మా అమ్మాయి మంచి మార్కులతోనే పాసైంది. ఆ వారమంతా నేను దాని మెమో చూడలేకపోయాను. ఇంటికి పోతే నాన్న ఏమంటాడోనని ఆ పిల్లల్లో ఎందరు అనుకున్నారో!

ఇప్పుడు దానికి ఉద్యోగం. కిందటేడు కంపెనీలో జీతం పెరిగిందని ఫోన్ చేసింది. సంతోషం చెప్పకముందే, "టాప్ రేటింగ్ రాలే డాడీ, ఒక్క ప్రాజెక్టు లేటయింది, అందుకే" అని సంజాయిషీ మొదలుపెట్టింది. ఎప్పుడో దానికి పదహారేళ్లున్నప్పుడు నేను నేర్పిన అలవాటు అది. క్షమించమని అడిగాను. "ఎందుకు డాడీ?" అంది. దానికి నిజంగానే అర్థం కాలేదు.

తెలంగాణలో 2023లో ఎంసెట్‌కు ఇంటర్ వెయిటేజీని పూర్తిగా ఎత్తేశారు. అయినా మా కాలేజీకి ప్రతి మే నెలలో నాలుగు మార్కుల కోసం ఇంప్రూవ్‌మెంట్ ఫీజు కట్టడానికి తండ్రులు వస్తూనే ఉన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో వెయిటేజీ ఉంది. అక్కడైనా ఆ నాలుగు మార్కుల విలువెంతో కాగితం మీద పెట్టి చూసుకోండి. పిల్లల్ని అడగండి, వాళ్లు వద్దంటే వదిలేయండి. ఫలితాలొచ్చిన రోజు పిల్ల మూగబోతే, తిండి మానేస్తే పక్కనే ఉండండి. మానసిక ఒత్తిడిలో సాయం చేసే టెలీ మానస్ నంబరు 14416. పగలైనా రాత్రయినా పలుకుతుంది, తెలుగులో మాట్లాడుతుంది, ఖర్చు లేదు. హాస్టల్లో ఉన్న మీ పిల్లలకు ఈ నంబరు ఇవాళే చెప్పండి.