ప్రియస్ ఇంజన్ ఆత్మకథ: తెల్లవారాక మొదటి స్టార్టు

2జెడ్‌ఆర్-ఎఫ్‌ఎక్స్‌ఈ అనేది 1798 సీసీ, నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజన్. మూడో తరం టయోటా ప్రియస్‌తోపాటు 2009లో వచ్చింది. ఆ రకం ఇంజన్లలో ఒకదాని జీవితం ఇది. 2010 మోడల్ కారులో జపాన్ నుంచి అమెరికా చేరి, ఇద్దరి చేతులు మారి, ఇప్పుడు డాలస్ పక్కన ఇర్వింగ్‌లో మూడో యజమాని దగ్గర ఉంది. చెబుతున్నది ఇంజనే అయినా ‘నేను’ అన్న మాట ఇందులో రాదు. అది నేర్చినది వర్క్‌షాపు మాన్యువల్ భాష ఒక్కటే. ఆ భాషలో ఆ మాట లేదు.

ఈ ఇంజన్ కంప్రెషన్ నిష్పత్తి 13కి 1. అయితే ఇన్‌టేక్ వాల్వు ఆలస్యంగా మూసుకోవడంతో పీల్చిన గాలిలో కొంత వెనక్కి పోతుంది. అట్కిన్సన్ పద్ధతి అంటే ఇదే. దీంతో పెట్రోలు ఆదా అవుతుంది, బలం తగ్గుతుంది. ఉన్నది 98 హార్స్‌పవర్; చాలనిది కరెంటు మోటారు చూసుకుంటుంది. ఫ్యాన్ బెల్టు లేదు, ఆల్టర్నేటర్ లేదు, వాటర్ పంపు కూడా కరెంటు మీదే తిరుగుతుంది. స్టార్టర్ మోటారు కూడా లేదు. ఎంజీ1 అనే మోటారు-జనరేటరే ఇంజన్‌ను పట్టి క్షణంలో వెయ్యి ఆర్‌పీఎం దాకా తిప్పేస్తుంది. మామూలు కార్ల స్టార్టరు రెండు మూడు వందలు తిప్పితే గొప్ప. ఇంజన్‌కూ గేర్ల పెట్టెకూ నడుమ క్లచ్ ఉండదు. స్ప్రింగులున్న డ్యాంపర్ పళ్లెం ఒకటి ఉంటుంది. ఇంజన్ ఎక్కడ కుదుపుకు లోనైనా ఆ స్ప్రింగులే ముందు దెబ్బ తింటాయి, చప్పుడూ అవే చేస్తాయి. ఈ ఒక్క సంగతి తెలియక చాలామంది మెకానిక్‌లు దారి తప్పుతారు.

చప్పుడు ఎలా ఉందన్నది తర్వాత చూడవచ్చు. ఎప్పుడు వస్తోందన్నది ముందు తేల్చుకోవాలి. కారు తలుపు తీయగానే కొన్ని సెకన్లు గుర్రుమంటే అది బ్రేకుల పంపు, ఇంజన్ జోలికి పోనక్కర్లేదు. ఎక్కుడులో, బరువు మీద మాత్రమే పలచగా ఠింగుఠింగుమంటే పెట్రోలు వేళకు ముందే అంటుకుంటోందని అర్థం. కార్బన్ పేరుకున్న పాత ఇంజన్‌లో ఇది మామూలే. నాక్ సెన్సర్ దాన్ని పసిగట్టి స్పార్కును వెనక్కి జరుపుతుంది. స్టార్టు చేసిన ఒకటి రెండు సెకన్లు గలగలమని ఆగితే టైమింగ్ చెయిన్ దగ్గరికి ఆయిల్ ఒత్తిడి చేరేలోపు వచ్చే చప్పుడు. ఇంజెక్టర్ల టిక్కుటిక్కు పుట్టినప్పటి నుంచీ ఉన్నదే.

వీటన్నిటిలో భయపడాల్సింది రాడ్డు కొట్టడం. బిగ్ ఎండ్ బేరింగ్ అరిగితే వచ్చే లోతైన దబదబ ఇంజన్ వేడెక్కినా పోదు, ఆయిల్ పలచబడేకొద్దీ ముదురుతుంది. వయసైన ఇంజన్ రింగులు బిగుసుకుని ఆయిల్ తాగుతుంటే, 4.2 లీటర్ల సంపు ఖాళీ అవుతున్నా గేజు తీసి చూసేవాడు లేక ఈ దశకు వస్తుంది.

మామూలు కారులో యాక్సిలరేటర్ తొక్కి, ఆర్‌పీఎం పెంచి, చెవి పెట్టి వింటారు. ప్రియస్‌లో అది కుదరదు. ఎంత వేగంతో తిరగాలో, అసలు తిరగాలో వద్దో కంప్యూటర్ చెబుతుంది. డాష్‌బోర్డు మీద ఆర్‌పీఎం ముల్లు కూడా లేదు. ఇందుకు మెయింటెనెన్స్ మోడ్ అనే ఏర్పాటు ఉంది. బ్రేకు తొక్కకుండా పవర్ బటన్ రెండుసార్లు నొక్కాలి. పార్కింగ్‌లో యాక్సిలరేటర్ పూర్తిగా రెండుసార్లు, న్యూట్రల్‌లో రెండుసార్లు, మళ్లీ పార్కింగ్‌లో రెండుసార్లు తొక్కాలి. ఆ తర్వాత బ్రేకు తొక్కి స్టార్టు చేయాలి. ఇదంతా నిమిషంలో ముగించాలి. అప్పుడు ఇంజన్ ఆగకుండా తిరుగుతుంది, వినేవాళ్లు వినొచ్చు.

ఈ ఇంజన్ చప్పుడు మొదలైంది 1,68,000 మైళ్ల దగ్గర, ఒక చలికాలపు పొద్దున. యజమాని గుంటూరు నుంచి ఎంఎస్ చదవడానికి వచ్చిన కుర్రాడు. బటన్ నొక్కగానే కారంతా దడదడలాడింది, కప్ హోల్డర్‌లోని కాఫీ సీటు మీద ఒలికింది. అర నిమిషం తర్వాత ఏమీ జరగనట్టు సర్దుకుంది. వెనక పొగగొట్టం నుంచి తెల్లటి ఆవిరి కాసేపు వచ్చింది. చలిలో అందరి కార్లకూ వచ్చేదే కదా అనుకున్నాడు. వారం తిరిగేసరికి రోజూ ఇదే తంతు. చెక్ ఇంజన్ లైటు వెలిగింది, స్కానర్‌లో పీ0302 కోడ్ పడింది. రెండో సిలిండర్ మిస్ కొడుతోందని దాని అర్థం.

మొదటి గ్యారేజీ నాలుగు ప్లగ్గులు, ఒక కాయిల్ మార్చి డబ్బు తీసుకుంది. చప్పుడు పోలేదు. రెండో గ్యారేజీ గేర్ల పెట్టె దగ్గర చెవి పెట్టి, డ్యాంపర్ పోయింది, ట్రాన్స్‌మిషన్ దింపాలంది. విన్నది నిజమే, కొట్టుకుంటున్నది డ్యాంపరే. కానీ దాన్ని కొట్టిస్తున్నది రెండో సిలిండర్. రెండో సిలిండర్ కాయిల్‌ను పక్క సిలిండర్‌లోకి మార్చి చూస్తే తేలిపోయేది: మిస్ దానివెంట పోతే తప్పు కాయిల్‌ది, పోకపోతే సిలిండర్‌ది. ఆ పది నిమిషాల పని ఎవరూ చేయలేదు.

కుర్రాడు పొద్దున ఏడింటికి ఫోను బానెట్ దగ్గర పెట్టి, విజయవాడ ఆటోనగర్‌లో షెడ్డు నడిపే బాబాయికి వినిపించాడు. అక్కడ సాయంత్రం ఆరున్నర.

“ఇంజన్ పోయినట్టుంది బాబాయ్.”

“రోజంతా కొడతందా, పొద్దున ఒక్కసారేనా?”

“పొద్దున ఒక్కసారే. అర నిమిషం.”

“రాడ్డయితే ఊరుకోదురా. నీళ్ల డబ్బా చూడు, బండి చల్లగా ఉన్నప్పుడే.”

గులాబీ రంగు కూలెంట్ కింది గీతకు రెండు వేళ్ల కింద ఉంది. నెల క్రితమే నింపాడు. కింద నేల మీద ఒక్క చుక్క లేదు.

బయటకు కారని నీళ్లు లోపలికి పోతున్నాయి. దారి హెడ్ గ్యాస్కెట్, అంటే ఇంజన్ బ్లాకుకూ పైనున్న హెడ్‌కూ నడుమ ఉండే పల్చటి రేకు. ఇంజన్ ఆపిన తర్వాత కూడా కూలెంట్‌లో ఒత్తిడి చాలాసేపు ఉంటుంది, సిలిండర్‌లో మాత్రం ఉండదు. గ్యాస్కెట్‌లో సన్నని బీటు ఉంటే కూలెంట్ రాత్రంతా ఊరి, పిస్టన్ తల మీద చేరుతుంది. పొద్దున ఆ తడికి ప్లగ్గు అంటుకోదు. నీళ్లు ఆవిరైపోయాక సిలిండర్ మామూలవుతుంది. అర నిమిషం లెక్క అదే.

గ్యాస్కెట్ దెబ్బతినడానికి మూలం తరచూ ఇంకో చోట ఉంటుంది. అంతకుముందరి 1.5 లీటర్ల ప్రియస్ ఇంజన్‌లో లేనిది, దీనిలో కొత్తగా పెట్టినది ఈజీఆర్. కాలిన పొగలో కొంత కూలర్‌లో చల్లార్చి మళ్లీ సిలిండర్లకు పంపితే మంట వేడి తగ్గుతుంది. ఆ కూలర్‌లోవి ఇరుకు దారులు. ఏళ్ల తరబడి మసి పట్టి అవి పూడుకుపోతాయి. ఇన్‌టేక్ మానిఫోల్డులో ఒక్కో సిలిండర్‌కూ పోయే సన్నని రంధ్రాలూ పూడుకుంటాయి, అదీ సమానంగా కాదు. చల్లని పొగ అందని సిలిండర్ ఎక్కువ వేడిలో పనిచేస్తుంది. ఈ ఇంజన్ కూలర్‌ను 1,68,000 మైళ్లలో ఒక్కసారీ విప్పలేదు. యాభై వేల మైళ్లకోసారి కడగాలని ప్రియస్ తెలిసిన మెకానిక్‌లు చెబుతారు.

నిర్ధారణ మూడో చోట జరిగింది. సాయంత్రం కూలెంట్ వ్యవస్థకు ప్రెషర్ టెస్టర్ బిగించి రాత్రంతా వదిలేశారు. పొద్దున ప్లగ్గులు తీసి, రంధ్రాల్లోంచి సన్నని కెమెరా దింపారు. మూడు పిస్టన్ల తలలు మసితో నల్లగా ఉన్నాయి. రెండోది ఆవిరి కడిగిన గిన్నెలా మెరుస్తోంది, అంచున గులాబీ రంగు తడి. కూలెంట్‌లో పొగ ఉందేమో చూసే నీలం ద్రవం పరీక్ష అంతకుముందే చేశారు, రంగు మారలేదు. తొలిదశలో అది మారకపోవడం సహజం. ఆ ఒక్క పరీక్షతో గ్యాస్కెట్ బాగుందనుకోకూడదు.

ఆలస్యం చేస్తే ఏమవుతుందో ఈ ఇంజన్‌కు తెలుసు. నీళ్లను నొక్కలేం. సిలిండర్‌లో ఎక్కువ నీళ్లు చేరిన పొద్దున ఎంజీ1 తన బలంతో తిప్పితే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. అప్పుడు గ్యాస్కెట్ మార్చినా చప్పుడు ఆగదు. అందుకే హెడ్ దింపాక నాలుగు పిస్టన్లనూ ఒక్కొక్కటిగా పైకి తెచ్చి ఎత్తు కొలిచారు. రాడ్డు వంగినదైతే ఆ పిస్టన్ కిందికి ఉండిపోతుంది. నాలుగూ సమానంగా వచ్చాయి. హెడ్ అడుగు వంకర లేకుండా ఉందని స్కేలుతో, ఫీలర్ గేజుతో చూసి, కొత్త గ్యాస్కెట్ వేశారు. ఈజీఆర్ కూలర్, వాల్వు, మానిఫోల్డు కడిగారు. డ్యాంపర్ ముట్టుకోలేదు. మర్నాడు పొద్దున ఇంజన్ ఒక్క ఊపు లేకుండా అందుకుంది.

ఇలాంటి బండి ఉన్నవారు కూలెంట్ గీత పొద్దున స్టార్టు చేయకముందే చూడాలి. వేడెక్కితే కూలెంట్ ఉబ్బి, తగ్గింది కనబడదు.